స్కానింగ్‌కి వెళ్లే ముందు: మేనకోడలికి ఉత్తరం

చి. సౌ. పద్మకి మామయ్య ఆశీస్సులు.

అక్కయ్యకి కడుపుకి కాంట్రాస్ట్ సీటీ (నరానికి మందు ఎక్కించి ఎక్స్‌రేలతో తీసే స్కాన్), నడుముకి ఎంఆర్ఐ రాశారనీ, వచ్చే వారం రాజమండ్రిలో తీయిస్తున్నారనీ చెప్పావు. ఏ సెంటర్లో మిషన్ కొత్తదో కనుక్కోమన్నావు. మిషన్ సంగతి తర్వాత, ముందు డాక్టరు ఇచ్చిన చీటీ చూడు. దాని మీద ఉత్త ‘సీటీ అబ్డామెన్’ అనే ఉంటే ఇంకో ముక్క రాయించు: తిన్నాక కుడివైపు నొప్పి, బరువు తగ్గింది, షుగరు ఉంది అని. స్కాన్ తీసే పద్ధతి ఆ ముక్కను బట్టే మారుతుంది. కిడ్నీలో రాయి కోసమైతే మామూలుగా మందు ఎక్కించరు, మందూ రాయీ రెండూ తెల్లగానే కనబడతాయి కాబట్టి. కాలేయంలో గడ్డ అనుమానమైతే మందు ఎక్కించిన అర నిమిషానికి ఒకసారి, నిమిషం దాటాక మరోసారి తీస్తారు. ఏం వెతకాలో చెప్పకుండా తీయించడమంటే ఇంటిపేరు చెప్పకుండా కోనసీమలో సత్యనారాయణ గారిల్లు ఎక్కడని అడగడమే.

పాత రిపోర్టులు, ఫిల్ములు ఏ బీరువా మీదున్నా దులిపి పట్టుకెళ్లు. ఇప్పుడు కనబడే మచ్చ అప్పుడూ ఉందా, పెరిగిందా అన్నది కొత్త ఫిల్ము ఒక్కటే చెప్పలేదు.

సీటీలో నరానికి ఎక్కించేది అయోడిన్ ఉన్న మందు. అది మూత్రం ద్వారా బయటికి పోవాలి కనుక కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష ముందే చేయించు. అక్కయ్య షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడుతోంది కదా, ఆ మాట డాక్టరుకీ సెంటర్లోనూ చెప్పు. కిడ్నీ పనితీరు బాగా తగ్గినవాళ్లకి స్కాన్ నాడూ, ఆ తర్వాత 48 గంటలూ ఆ బిళ్ల ఆపమంటారు. బాగానే ఉన్నవాళ్లకి సాధారణంగా ఆపనక్కర్లేదు. మీ అంతట మీరు ఆపొద్దు. కొన్ని గంటలు ఏమీ తినకుండా రమ్మంటారు కాబట్టి పొద్దున్నే మొదటి టైము అడుగు. ఖాళీ కడుపున షుగరు మందు వేసుకోవాలో వద్దో కూడా ముందురోజే అడిగి ఉంచు.

రొయ్యలు తింటే ఒళ్లంతా దద్దుర్లొస్తాయని మందు వద్దంటోందట. రొయ్యలు పడకపోవడానికీ ఈ మందులోని అయోడిన్‌కీ సంబంధం లేదు. అయినా ఎలర్జీ ఉందని చెప్పడం మంచిదే. ఇంతకు ముందెప్పుడైనా ఇదే మందు ఎక్కిస్తే ఇబ్బంది పడిందా అన్నది మాత్రం తప్పకుండా చెప్పాల్సిన విషయం. మందు ఎక్కేటప్పుడు ఒళ్లంతా వేడిగా పాకుతుంది, నోట్లో ఇనప రుచి, మూత్రం పోయేసినట్టే అనిపిస్తుంది, పోదు. ఈ మాట ముందే చెప్పకపోతే అక్కయ్య సిగ్గుతో చచ్చిపోయి కదిలిపోతుంది, బొమ్మ పాడవుతుంది.

రేడియేషన్ గురించి కంగారు వద్దు. కడుపు సీటీకి 8 మిల్లీసీవర్టుల (రేడియేషన్ కొలత అది) అటూ ఇటూగా పడుతుంది. నేల నుంచి, ఆకాశం నుంచి మనందరికీ ఏడాదికి సగటున 2.4 ఎలాగూ పడుతూనే ఉంటుంది. అవసరమైన స్కాన్‌కి అది లెక్కలోది కాదు. సెంటర్ మార్చినప్పుడల్లా మళ్లీ తీయించడమే నాకు నచ్చదు. మీ వదినకి మూడో నెల అన్నావు, తోడుగా తనని మాత్రం సీటీ గదిలోకి పంపకు.

ఇక ఎంఆర్ఐ. దీనికి రేడియేషన్ లేదు, ఉన్నది అయస్కాంతం. 1.5 టెస్లా (అయస్కాంత శక్తి కొలత అది) మిషనైతే భూమి అయస్కాంత శక్తికి 30,000 రెట్ల పైమాటే. స్కాన్ లేనప్పుడూ, రాత్రిపూటా అది పనిచేస్తూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబైలో ఒకతను రోగి కోసం ఆక్సిజన్ సిలిండర్ పట్టుకుని లోపలికెళ్లి ప్రాణం పోగొట్టుకున్నాడు. కాబట్టి గుమ్మం దగ్గర టెక్నీషియన్ కసురుకుంటే కోపం తెచ్చుకోకు.

మీ అమ్మ మంగళసూత్రాల గొలుసుకి ఎన్ని పిన్నీసులు వేలాడుతుంటాయో నీకు తెలుసు. బంగారాన్ని అయస్కాంతం లాగదు, పిన్నీసుని లాగుతుంది. అయినా గొలుసంతా ఇంట్లోనే తీయించు. ససేమిరా అంటే ఆ పూటకి పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టు, ఆపరేషన్లకి అందరూ చేసేదే. మెట్టెలు, జడపిన్నులు, పళ్ల సెట్టు, నడుముకి అంటించిన నొప్పి పట్టీ కూడా తీసేయాలి. మోకాలి చిప్ప మార్చినప్పుడు ఆస్పత్రివాళ్లు ఇచ్చిన కార్డు చూపించు, సాధారణంగా దానివల్ల అడ్డం ఉండదు. గుండెకి పేస్‌మేకర్ ఉంటే వేరే కథ, మనకది లేదు.

లోపల అరగంట వెల్లకిలా పడుకోవాలి. మోకాళ్ల కింద దిండు అడిగి పెట్టించు, నడుముకి తెరిపిగా ఉంటుంది. చప్పుడు ఎక్కువ, చెవులకి మూత ఇస్తారు. చేతిలో రబ్బరు బుడ్డి పెడతారు, భయమేస్తే నొక్కమను.

బయటికొచ్చాక టెక్నీషియన్‌ని “ఏమైనా ఉందా బాబూ?” అని అడక్కు. రిపోర్టు రాసేది రేడియాలజిస్టు, అంటే స్కాన్ చదివే డాక్టరు. స్కాన్ గదిలోంచి వచ్చిన నా ముఖం చూసి గొల్లుమన్న రోగుల చుట్టాలున్నారు, ఆ పూట నాకు పంటినొప్పి.

నడుము రిపోర్టులో ‘డిస్క్ బల్జ్’ (వెన్నుపూసల మధ్య మెత్త ఉబ్బడం) అని నాలుగుచోట్ల ఉంటుంది. నడుంనొప్పే ఎరగని అరవై ఏళ్లవాళ్లకి తీసినా సగానికి పైగా మందిలో అది కనబడుతుంది. తిమ్మిరి ఏ కాలికి, నరం నొక్కుకున్నది ఏ వైపు, ఈ రెండూ కలుస్తున్నాయా అన్నది డాక్టరు చూసి చెప్పాలి. ఈలోగా కాలు పట్టు తప్పినా, మూత్రం మీద అదుపు పోయినా వచ్చే వారం దాకా ఆగొద్దు, ఆ రోజే పెద్దాసుపత్రికి తీసుకెళ్లు.

ఫిల్ములతోపాటు సీడీ అడిగి తీసుకో, పేరూ వయసూ సరిపోయాయో అక్కడే చూసుకో. హైదరాబాదులో ఇంకో డాక్టరుకి చూపించాల్సి వస్తే సీడీ ఉంటే చాలు, చాలాసార్లు మళ్లీ తీయించే పని ఉండదు. ఫిల్ముని ట్యూబ్‌లైటుకి పెట్టి వాట్సాప్‌లో ఫొటో మాత్రం పంపకు. కిందటిసారి పంపినదాంట్లో నాకు కనబడింది మీ ట్యూబ్‌లైటే.

ఇట్లు
మామయ్య