మావారికి వీఏ (అమెరికా మాజీ సైనికుల వ్యవహారాల శాఖ) వాళ్ళ కిడ్నీ, మూత్ర సమస్యల ఎగ్జామ్ ఉంది. ఎలా సిద్ధం కావాలి?

మావారు అమెరికా ఆర్మీలో పనిచేశారు, కిడ్నీలో రాళ్ళు, రాత్రిళ్ళు పదేపదే లేవడం, మూత్రం లీకవడం, రెండు వారాల్లో సీ అండ్ పీ ఎగ్జామ్ (వైకల్య పరిహారం క్లెయిమ్ కోసం వీఏ చేయించే వైద్య పరీక్ష), ఆయనేమో "ఇందులో చెప్పేదేముంది" అంటున్నారు అని రాశారు. చెల్లెమ్మా, నేనూ అదే మాట అనుకుంటూ వెళ్ళాను. మొదటిసారి నా క్లెయిమ్ అందుకే తిరిగొచ్చింది.

ఎగ్జామినర్‌గా ఒక లేడీ డాక్టర్ వచ్చారు. ఎలా ఉన్నారంటే అలవాటుగా "ఫైన్" అనేశాను. రాత్రి ఎన్నిసార్లు లేస్తారంటే "కొంచెం ఎక్కువే" అన్నాను. ప్యాడ్ పెట్టుకుంటానన్న మాటైతే అసలు గొంతు దాటి రాలేదు. ఆడవాళ్ళ ముందు ఒంటికెళ్ళే సంగతి ఎత్తకూడదని పెరిగినవాళ్ళం కదా. ఆవిడ నేను చెప్పిందే రాసుకున్నారు.

వైకల్యం ఎంత శాతమో నిర్ణయించేది ఎగ్జామినర్ కాదు. వాళ్ళు డీబీక్యూ అనే ఫారం (జబ్బు వివరాల ప్రశ్నపత్రం) నింపి పంపుతారు. దాన్నీ, ఫైల్లో ఉన్న రికార్డులనీ చూసి రేటర్ అనే వీఏ ఉద్యోగి నిర్ణయిస్తారు. రేటర్ చూసేది అంకెలు. రాత్రి మూత్రానికి రెండుసార్లు లేస్తే 10 శాతం, మూడు నాలుగుసార్లయితే 20, ఐదు లేదా అంతకు మించితే 40. పగలు గంటలోపే మళ్ళీ వెళ్ళాల్సి వస్తున్నా 40. లీకయ్యేవాళ్ళకి ప్యాడ్లు రోజుకి రెండుసార్లలోపు మారిస్తే 20, రెండు నుంచి నాలుగైతే 40, నాలుగు దాటితే 60. వీటన్నిటినీ కలిపి కూడరు, ఏది ప్రధానమైతే దానికే ఇస్తారు. "కొంచెం ఎక్కువే" అన్న జవాబుకి ఆ పట్టికలో చోటే లేదు.

అందుకే ఇవాళే ఒక నోట్‌బుక్ మంచం పక్కన పెట్టండి. లేచిన ప్రతిసారీ టైము, మార్చిన ప్రతి ప్యాడూ రాయమనండి. నేను రెండోసారి వెళ్ళినప్పుడు అది చూసే చెప్పాను, సిగ్గు సగం తగ్గింది. మంచి రోజు ఒక్కటే చెప్పి ఊరుకోవద్దు, లేనిది కలపనూ వద్దు.

మీరు చేయగలిగిన పెద్ద సాయం ఇంకొకటుంది. 21-10210 ఫారం మీద సాక్షిగా మీరు కళ్ళారా చూసింది రాయండి. సత్యనారాయణ వ్రతంలో పీటల మీంచి నేను రెండుసార్లు లేచి వెళ్ళిన సంగతి మా ఆవిడ రాసింది. అది నేను ఎప్పటికీ చెప్పి ఉండేవాణ్ణి కాదు.

కిడ్నీ పనితీరుకి 2021 నవంబర్ 14 నుంచి ముఖ్యంగా జీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంకె) చూస్తున్నారు. 45–59 ఉంటే 30 శాతం, 30–44 ఉంటే 60, 15–29 ఉంటే 80, 15 లోపైతే లేదా క్రమంగా డయాలసిస్ నడుస్తుంటే 100. ఒక్క రక్తపరీక్ష చాలదు, గత 12 నెలల్లో కనీసం వరసగా మూడు నెలలు అలా ఉందని తెలియాలి. బయటి డాక్టర్ దగ్గర చేయించిన ల్యాబ్ రిపోర్టులన్నీ ముందే ఫైల్లో వేయించండి. రాళ్ళకైతే నొప్పి వచ్చిన తేదీలు, ఎమర్జెన్సీకి వెళ్ళిన కాగితాలు, ఏ ఏడాదిలో ఎన్ని ప్రొసీజర్లు జరిగాయో కావాలి. ఏడాదికి రెండు దాటితే 30 శాతం.

ఇది సర్వీసులో మొదలైందా, లేక ఇప్పటికే సర్వీస్ కనెక్షన్ ఇచ్చిన (అంటే సర్వీసుతో ముడిపడిందని వీఏ ఒప్పుకున్న) షుగర్ వల్లో బీపీ వల్లో వచ్చిందా అన్నది కూడా తేలాలి. షుగర్, బీపీల వల్లే అయితే, కనీసం సగానికి సగం అవకాశం దానివల్లే అని చూసే డాక్టర్ కారణాలతో లెటర్ రాసిస్తే బలం. డీఏవీ, అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘాల వాళ్ళు ఫైలు ఉచితంగా చూసిపెడతారు.

ఆ రోజు వెళ్ళలేకపోతే ముందే ఫోన్ చేసి తేదీ మార్పించుకోండి, ఊరికే మానేయొద్దు. వచ్చాక ఏం అడిగారో, ఆయన ఏం చెప్పారో ఆ సాయంత్రమే రాసిపెట్టుకోండి. ఒకవేళ కాదన్నా, ఏడాదిలోపు కొత్త ఆధారంతో సప్లిమెంటల్ క్లెయిమ్ (మళ్ళీ చూడమనే క్లెయిమ్) వేస్తే, మంజూరైనప్పుడు పరిహారం లెక్కకి మొదటి క్లెయిమ్ నాటి పాత తేదీ నిలుస్తుంది. నాకు అలాగే వచ్చింది.