మగతనం పోయిందని బతుకు మీదే ఆశ వదిలేసుకుంటున్న తమ్ముడికి

ప్రశ్న: డాక్టరు గారూ నమస్కారం. మాది పర్లాకిమిడి, ఇంట్లో తెలుగు, కొట్లో ఒడియా, బట్టల కొట్టులో గుమస్తాగా చేస్తన్నాను. నాకు 41 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. ఏడాదిన్నర నుంచి అంగం గట్టిపడటం లేదండి, ముందు అప్పుడప్పుడూ అలా అయ్యేది, ఇప్పుడు అసలుకే లేదు, పొద్దున్న లేచేసరికి ఉండేది కూడా పోయింది. షుగర్ ఉందని నాలుగేళ్ళ కింద చెప్పారు, మాత్రలు ఒక రోజు వేసుకుంటే రెండ్రోజులు మానేస్తాను, గుట్కా అలవాటు ఉంది. గోడ మీద నంబరు చూసి ఒకాయన దగ్గరికి వెళ్తే నాడి పట్టుకుని నరాలు చచ్చిపోయాయన్నాడు, పొడి ఇచ్చి 18 వేలు తీసుకున్నాడు, అది వేసుకుంటే ముఖం ఎర్రబడి తలనొప్పీ గుండె దడానూ, భయమేసి మానేశాను. మా ఇంటిది ఏటీ అనదు, నేనే ఆవిడ పడుకున్నాక ఇంటికి వెళ్తన్నాను. మొన్న ఎవరైనా ఉన్నారా అని అడిగింది, ఏటి చెప్పాలో తెలీక కోప్పడ్డాను. ఎవరితో చెప్పుకోను? ఇలాటోడు బతికితే ఎంత పోతే ఎంత అని రాత్రుళ్ళు గట్టిగా అనిపిస్తంది, పిల్లల ముఖాలు చూసి ఆగుతన్నాను. నాకు దారి ఉందాండీ?

జవాబు: ఉంది తమ్ముడూ. చిన్నవాడివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమనుకోకు. నీ ఉత్తరంలో అంగం గురించి రాసింది చాలా ఉంది, కానీ నేను మొదలుపెట్టేది నువ్వు చివర్లో రాసిన రెండు లైన్ల దగ్గర, ఎందుకంటే షుగర్‌కీ అంగస్తంభనకీ వైద్యం చెయ్యడానికి నెలలు పట్టినా ఏం కాదు, ఆ రాత్రి ఆలోచనకి మాత్రం ఈ రోజే మనిషి తోడు కావాలి.

ఈ కాగితం చదివిన రోజే ఒక్కరికి చెప్పు. మీ ఆవిడ కావచ్చు, అన్నదమ్ముడు కావచ్చు, కొట్లో నమ్మకమైన స్నేహితుడు కావచ్చు. అంగం సంగతి చెప్పలేకపోతే అది పక్కన పెట్టు, "నాకు బతకాలనిపించడం లేదు, రాత్రుళ్ళు ఒంటరిగా ఉండలేకపోతన్నాను" అన్నా చాలు. మనిషి ఎవరూ దొరక్కపోతే 14416కి ఫోను చెయ్యి, అది టెలీ మానస్, 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, 24 గంటలూ ఉంటుంది, డబ్బు పడదు, ఒడియాలోనూ తెలుగులోనూ మాట్లాడొచ్చు, నీకు ఏ భాషలో ఏడుపొస్తే ఆ భాష ఎంచుకో. పేరు చెప్పడానికి ఇబ్బందైతే సమస్య మాత్రమే చెప్పు. ఇంట్లో పురుగుమందు డబ్బా గానీ గుట్టలుగా మాత్రలు గానీ ఉంటే మీ ఆవిడ చేతికో ఇంకెవరి చేతికో ఇచ్చి ఇంట్లోంచి పంపించెయ్యి, ఎందుకంటే ఆ గట్టి ఆలోచన చాలామందిలో కాసేపు ఉధృతంగా వచ్చి తగ్గిపోయేదే, ఆ కాసేపట్లో చేతికి ఏదీ అందకూడదు. ఆగడం లేదనిపిస్తే రాత్రి ఎంతైనా సరే 112కో 108కో ఫోను చేసి దగ్గర్లో పెద్దాసుపత్రి క్యాజువాల్టీకి వెళ్ళిపో, అక్కడ సిగ్గుపడే పనే లేదు.

ఇప్పుడు ఒంటి సంగతి. నాడి పట్టుకున్నాయన నరాలు చచ్చిపోయాయన్నాడు కదా, నాడి చూసి ఆ సంగతి ఎవరికీ తెలీదు. అంగం గట్టిపడటం అంటే రక్తం వచ్చి లోపల నిలవడం. మనసులో కోరిక పుడితే నరాల చివర్లలోంచీ రక్తనాళాల గోడల్లోంచీ నైట్రిక్ ఆక్సైడ్ అనే పదార్థం విడుదలై అక్కడి కండరాన్ని వదులు చేస్తుంది, నాళం విచ్చుకుని రక్తం నిండుతుంది. ఈ పదార్థం ఒంట్లో ఎలా పనిచేస్తుందో కనిపెట్టినందుకే 1998లో ముగ్గురు శాస్త్రవేత్తలకి నోబెల్ బహుమతి ఇచ్చారు. ఏళ్ళ తరబడి అదుపు తప్పిన షుగర్ ఆ నరాలనీ, నాళాల లోపలి పొరనీ రెంటినీ దెబ్బ తీస్తుంది, పొగాకు దాని మీద ఇంకో దెబ్బ. ఒక రోజు మాత్ర వేసుకుని రెండ్రోజులు మానేస్తే షుగర్ అదుపులో ఉండదు, నీ విషయంలో అసలు కారణం ఇదే అయ్యుండటానికి ఎక్కువ అవకాశం, పరీక్షలు చేస్తే తేలుతుంది. నీ మగతనం మీద, నువ్వు మంచి భర్తవా కాదా అన్న దాని మీద ఇది తీర్పు కాదు, షుగర్ ఉన్న మగవాళ్ళలో సగానికి పైగా ఎప్పుడో ఒకప్పుడు ఈ ఇబ్బంది పడేవాళ్ళే. 1994లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో చేసిన పరిశీలన ఒకటి బయటికొచ్చింది, 40 నుంచి 70 ఏళ్ళ మగవాళ్ళలో 52 శాతం మందికి ఎంతో కొంత ఈ సమస్య ఉందని తేలింది, షుగర్ ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ అందరూ కలిపి. మీ వీధిలో ఎవరూ చెప్పుకోరు కాబట్టి నువ్వొక్కడివే అనుకుంటున్నావు.

ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది, దీని కోసమైనా నువ్వు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. అంగంలో రక్తనాళం వెడల్పు 1 నుంచి 2 మిల్లీమీటర్లు, గుండెకి వెళ్ళేది 3 నుంచి 4. పొలానికి నీళ్ళు పెట్టేటప్పుడు సన్న పైపే ముందు పూడుకుపోతుంది చూడు, ఇక్కడా అంతే. గుండె జబ్బు వచ్చినవాళ్ళలో చాలామందికి దానికి రెండు నుంచి అయిదేళ్ళ ముందే అంగస్తంభన ఇబ్బంది మొదలవుతుంది. అంటే నీ ఒళ్ళు ఇంకా టైము ఉండగానే చెప్పింది. సిగ్గుతో దాన్ని దాచేసి కూర్చుంటే గుండెకి కావాల్సిన పరీక్షలు కూడా దాచేసినట్టే.

ఎక్కడికి వెళ్ళాలి? బరంపురం వెళ్ళగలిగితే మహారాజా కృష్ణచంద్ర గజపతి మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, అక్కడ జనరల్ మెడిసిన్ ఓపీ, మానసిక వైద్యం ఓపీ రెండూ ఉంటాయి. బరంపురంలో తెలుగు తెలిసిన డాక్టర్లు దొరుకుతారు, లేకపోయినా నీకు ఒడియా బాగానే వచ్చు కదా. ఇటు శ్రీకాకుళమో విశాఖ కేజీహెచ్‌కో వెళ్ళినా సరే, బంధువులు ఎటు ఉంటే అటు. అందరి ముందూ చెప్పలేకపోతే చీటీ మీద "అంగస్తంభన సమస్య, ఏడాదిన్నరగా, షుగర్ ఉంది, బతకాలనిపించడం లేదు" అని రాసి డాక్టరు చేతిలో పెట్టు, మేం ఇలాటి చీటీలు చూస్తూనే ఉంటాం. ఫాస్టింగ్ షుగర్, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ, బీపీ, కొలెస్ట్రాల్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, ఈసీజీ, పొద్దున్నే తీసే టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను పరీక్ష, ఇవి రాయించుకో. క్రియాటినిన్ మర్చిపోవద్దు, మన పక్కనే ఉద్దానంలో కవిటి, సోంపేట ఊళ్ళలో కిడ్నీ జబ్బు ఎంతమందిని తినేసిందో నీకు తెలుసు, షుగర్ కిడ్నీలనీ పాడు చేస్తుంది, కిడ్నీ పాడైనా అంగస్తంభన తగ్గుతుంది.

మాత్రల గురించి అడగలేదు గానీ అడగాలని ఉండుంటుంది. సిల్డెనాఫిల్, టడలాఫిల్ అని ఉన్నాయి, సిల్డెనాఫిల్ అసలు గుండెనొప్పి మందుగా పరీక్షిస్తుంటే ఈ గుణం బయటపడింది, 1998 నుంచి వాడకంలో ఉంది, జనరిక్‌లో ఖరీదు పెద్దగా ఉండదు. కానీ మెడికల్ షాపులో గుసగుసగా అడిగి తెచ్చుకోవద్దు. గుండెనొప్పికి నాలిక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మందులు వాడేవాళ్ళు ఇవి వేసుకుంటే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు చూసి సరేనంటే అప్పుడు వాడు, సిల్డెనాఫిల్ అయితే గంట ముందు, నూనె ఎక్కువున్న బిర్యానీ తిని కాదు, మాత్ర వేసుకుని గోడ చూస్తూ కూర్చుంటే ఏమీ కాదు, దగ్గరితనం ఉంటేనే పనిచేస్తుంది. ఒకసారి పనిచెయ్యలేదని పారెయ్యకు, సరైన మోతాదులో ఆరేడుసార్లు చూడకుండా ఫలితం లేదని చెప్పలేం. నాలుగు గంటలు దాటి గట్టిగానే ఉండిపోతే మాత్రం వెంటనే ఆసుపత్రికి. మాత్రలు పనిచెయ్యనివాళ్ళకి వ్యాక్యూమ్ పంపు, ఇంజెక్షను, చివరికి ఆపరేషన్ చేసి పెట్టే ఇంప్లాంట్ కూడా ఉన్నాయి, అన్ని తలుపులూ మూసుకుపోయే జబ్బు కాదిది.

నువ్వు తిన్న పొడి సంగతి. ముఖం ఎర్రబడటం, తలనొప్పి, దడ, ఇవి సిల్డెనాఫిల్ ఎక్కువైతే వచ్చే లక్షణాలు. ఇలాటి 'మూలికల' పొడుల్లో ఆ మందునే లెక్కా పత్రం లేకుండా కలిపి అమ్మడం ఎన్నో దేశాల్లో పరీక్షల్లో దొరికింది. నీ పొడిలో అదే ఉందని ఇక్కడినుంచి చెప్పలేను గానీ మిగిలింది ఉంటే డాక్టరుకి చూపించు, మళ్ళీ మాత్రం నోట్లో పెట్టుకోకు. లైంగిక శక్తి పెంచుతాం అని మందులు ప్రచారం చెయ్యకూడదని 1954లోనే చట్టం వచ్చింది, అయినా గోడలు నిండే ఉంటున్నాయి, ఇది నాకు చాలా కోపం తెప్పించే సంగతి, ఎందుకంటే నీలాంటివాళ్ళ సిగ్గే వాళ్ళ పెట్టుబడి.

మనసు బాగోకపోయినా అంగం గట్టిపడదు, అంగం గట్టిపడకపోతే మనసు ఇంకా కుంగుతుంది, రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి, అందుకే రెంటికీ ఒకేసారి వైద్యం జరగాలి. డిప్రెషన్ మందులు కొన్ని కోరికని తగ్గిస్తాయి, ఆ ముక్క ముందే డాక్టరుకి చెబితే ఆ ఇబ్బంది తక్కువుండేవి ఎంచుతారు. చెప్పకుండా మధ్యలో మానెయ్యకు.

ఇంక మీ ఆవిడ. ఎవరైనా ఉన్నారా అని అడిగిందంటే ఆవిడ కూడా ఒంటరిగా ఏడుస్తోందని అర్థం తమ్ముడూ. ఈ రాత్రి ఆవిడ పడుకోకముందే వెళ్ళు. "ఎవరూ లేరు, నాకు ఒంట్లో బాగోలేదు, షుగర్ వల్ల అవ్వడం లేదనుకుంటన్నాను, నీకు చెప్పడానికి సిగ్గేసి తప్పించుకుంటన్నాను, ఆసుపత్రికి నువ్వు కూడా రా" అని ఇంతే చెప్పు. తర్వాత కొన్ని వారాలు కలవడం అనే పని పెట్టుకోకండి ఇద్దరూ మాట్లాడుకుని, పక్కన పడుకోండి, చెయ్యి పట్టుకోండి, ఒళ్ళు నిమురుకోండి, అంతవరకే. మాస్టర్స్, జాన్సన్ అనే ఇద్దరు 1970లో ఈ పద్ధతిని రాశారు, సెక్స్ వైద్యంలో ఇప్పటికీ వాడతారు, అవుతుందా అవదా అనే భయం వల్ల ఒంట్లో అడ్రినలిన్ పెరిగి నాళాలు బిగుసుకుపోతాయి, పరీక్ష లేదని ఒప్పందం చేసుకుంటే ఆ భయం తగ్గుతుంది. షుగర్ మాత్ర రోజూ వేసుకో, గుట్కా మానడానికి డాక్టరు సాయం అడుగు, సాయంత్రం కొట్టు మూశాక ఇద్దరూ కలిసి నడవండి. నెల తర్వాత నాకు మళ్ళీ రాయి, పరీక్షల అంకెలు కూడా రాయి.

ప్రశ్న: అమ్మా/అయ్యా, మాది ఇచ్ఛాపురం పక్కన పల్లె. మా ఆయన సూరత్‌లో మగ్గాల మిల్లులో పని, మా వైపు, గంజాం వైపు చాలామంది అక్కడే ఉన్నారు. పండక్కి వస్తే నా దగ్గరికి రావడం లేదు, అటు తిరిగి పడుకుంటారు. బీపీకి ఏదో మాత్ర వాడుతున్నారు, మందు కూడా తాగుతున్నారు. పిల్లలు పుట్టాక లావైపోయాను, అందుకేనా?

జవాబు: కాదు తల్లీ. రాత్రీ పగలూ షిఫ్టులు, నిద్ర లేకపోవడం, తాగుడు, బీపీ, వీటిలో ఏ ఒక్కటైనా చాలు. బీపీ మాత్రల్లో అటెనొలాల్ లాంటివీ, ఒంట్లో నీరు లాగేసేవీ కొన్ని అంగస్తంభనని తగ్గిస్తాయి, ఏ మాత్రో చీటీ చూసి డాక్టరుని అడగండి, మార్చడానికి వేరేవి ఉంటాయి, కానీ మీ అంతట మీరు ఆపించకండి, పక్షవాతం వస్తే ఎవరిది బాధ్యత? ఆయన్ని "ఎందుకు రావడం లేదు" అని అడగొద్దు, "మీకు ఒంట్లో ఏదో ఇబ్బందిగా ఉన్నట్టుంది, నాకేం కోపం లేదు, కలిసి చూపించుకుందాం" అనండి, ఆ మాట వినడానికే ఎదురు చూస్తున్నారేమో. నేను బతికి ఏం లాభం లాంటి మాటలు అంటుంటే తేలిగ్గా తీసుకోకండి, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడగండి, అలా అడిగితే లేని ఆలోచన వస్తుందనేది నిజం కాదు, అడిగినందుకు చాలామందికి ప్రాణం తేలికపడుతుంది. 14416 మీక్కూడా పనిచేస్తుంది.

ప్రశ్న: 26 ఏళ్ళు, బరంపురం. మాఘంలో పెళ్ళి. చిన్నప్పటి నుంచి హస్తప్రయోగం అలవాటు, మూత్రంలో ధాతువు (వీర్యం) పోతోంది, నీరసం, పెళ్ళికి పనికిరానేమోనని భయం. పొద్దున్న లేచేటప్పుడు అంగం గట్టిగానే ఉంటోంది. ఆ అమ్మాయితో ఫోన్లో మాట్లాడుతున్నాను. పెళ్ళి క్యాన్సిల్ చెయ్యమంటారా? కోర్సుకి 30 వేలు అంటున్నారు.

జవాబు: వద్దు బాబూ, పెళ్ళీ ఆపొద్దు, కోర్సూ వద్దు. హస్తప్రయోగం వల్ల నరాలు బలహీనపడవు, వీర్యం ఒంట్లో తయారవుతూనే ఉంటుంది, అది పోతే బలం పోదు. మన దేశంలో కుర్రాళ్ళని ఈ భయం ఎంతగా పీడిస్తోందో చూసి డాక్టర్ ఎన్.ఎన్. విగ్ 1960లో దీనికి ధాత్ సిండ్రోమ్ అని పేరే పెట్టారు, దీనికి కావల్సింది మాటలతో వైద్యం, అవసరమైతే ఆందోళనకి మందు. మూత్రం ఒకసారి టెస్టు చేయించు, హిమోగ్లోబిన్, షుగర్ చూపించు, నీరసానికి కారణం అక్కడ దొరకొచ్చు. పొద్దున్న లేచేటప్పుడు అంగం గట్టిగా ఉంటోందని నువ్వే రాశావు, అంటే రక్తం, నరాలు చక్కగా పనిచేస్తున్నాయి. మొదటి రాత్రే అన్నీ జరిగిపోవాలని ఎక్కడా లేదు, చాలామందికి కొన్ని రోజులు పడుతుంది. ఆ అమ్మాయితో ఫోన్లో మాట్లాడుతున్నానని రాశావు కదా, ఆ మాటలు ఆపకు.