జిరూలా ఆడతానంటున్న అబ్బాయి: నిజామాబాద్ తల్లికి జవాబు

ప్రశ్న: మాది నిజామాబాద్. మా బాబుకి 15 ఏళ్లు, పదో తరగతి. మంచి పొడగరి, స్కూల్ టీమ్‌లో సెంటర్ ఫార్వర్డ్, అంటే ముందు వరసలో మధ్యన ఆడతాడు. ఫ్రాన్స్ ఆటగాడు ఒలివియే జిరూ అంటే ప్రాణం. యూరప్ క్లబ్బుల్లో ఆడాలని పట్టుబట్టాడు. ఈ మధ్య ఒకాయన వచ్చి స్పెయిన్‌లో పెద్ద క్లబ్బు ట్రయల్ ఇప్పిస్తాను, 9 లక్షలు అవుతుంది, ఈ ఏడాది పంపకపోతే వయసు దాటిపోతుంది అంటున్నాడు. మావారు పొలం మీద అప్పు తెద్దామంటున్నారు. బాబేమో ఇంటర్ వద్దంటున్నాడు, సెలెక్షన్‌లో పేరు రాకపోతే అన్నం మానేస్తాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

అమ్మా,

ముందు డబ్బు సంగతి చెప్తాను, ఎందుకంటే అది ఈ వారంలోనే తేలిపోవాలి. ఆ 9 లక్షలు కట్టకండి. పొలం మీద అప్పు తేవద్దని మీవారికి నా మాటగా చెప్పండి.

కారణం ఇది. ఫుట్‌బాల్‌ని ప్రపంచమంతా నడిపే సంస్థ ఫిఫా. 18 ఏళ్లు నిండని ఆటగాణ్ణి వేరే దేశపు క్లబ్బు చేర్చుకోకూడదని దాని నిబంధన. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. తల్లిదండ్రులు ఆటతో సంబంధం లేని ఉద్యోగం మీదో మరో పని మీదో ఆ దేశానికి మారిపోవడం అందులో ఒకటి. యూరోపియన్ యూనియన్ దేశాల మధ్య మారే పిల్లలకు 16 నిండితే చాలు. నిజామాబాద్‌లో ఉండి చదువుకుంటున్న మీ బాబుకి ఈ రెండూ వర్తించవు. ఈ నిబంధన కాగితం మీద పడుకున్నది కూడా కాదు. బయటి దేశాల పిల్లల్ని ఇలా చేర్చుకున్నందుకు 2014లో స్పెయిన్‌లోని బార్సిలోనా అంతటి క్లబ్బుకే శిక్ష పడింది. మరుసటి ఏడాది రెండు విడతల పాటు కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోలేకపోయింది. అలాంటిది, మీ ఇంటికొచ్చిన పెద్దమనిషి 15 ఏళ్ల పిల్లాడికి ఏ క్లబ్బులో చోటు ఇప్పిస్తాడు?

అతను ఏజెంటునంటే లైసెన్సు ఉందేమో చూడండి. 2023 నుంచి ఫిఫా మళ్లీ పరీక్ష పెట్టి లైసెన్సులు ఇస్తోంది. ఆ పేర్ల జాబితా ఫిఫా వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. పైగా మైనర్‌తో వ్యవహరించాలంటే తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి ముందే ఉండాలి. అందుకే అతను ఏ కాగితం తెచ్చినా సంతకం పెట్టకండి, "మా కౌన్సెలర్‌కి చూపించాలి" అని తీసి ఉంచుకోండి.

నాలుగేళ్ల కిందట ఒక తండ్రి నా దగ్గరికి ఇలాగే వచ్చాడు. కాకపోతే డబ్బు కట్టేసి, కొడుకు తిరిగొచ్చాక వచ్చాడు. టూరిస్ట్ వీసా మీద తీసుకెళ్లి, ఎవరో అద్దెకు తీసుకున్న గ్రౌండ్‌లో 12 రోజులు ప్రాక్టీసు చేయించి పంపేశారట. ఆయన సంచిలోంచి లామినేషన్ చేసిన సర్టిఫికెట్ ఒకటి తీసి నా బల్ల మీద పెట్టాడు. మెరిసే బంగారు అంచు, కింద సంతకం. ఆ సంతకం ఎవరిదో, వాళ్లు ఏ క్లబ్బువాళ్లో ఎక్కడా లేదు. పిల్లాడు పక్కనే తల దించుకుని కూర్చున్నాడు. తప్పు తనదే అనుకుంటున్నాడని అర్థమైంది. ఆ తర్వాత అతను ఆట మానేశాడు. డబ్బు పోయిందన్న దానికన్నా నాకు ఇప్పటికీ బాధ కలిగించేది ఆ సంగతే. మీ బాబుకి అలా జరగకూడదు.

ఇక "వయసు దాటిపోతుంది" అన్న మాట. బాబు అంతగా ఇష్టపడే జిరూ జీవితమే దీనికి జవాబు. అతని గోల్స్ వీడియోలు బాబు వందసార్లు చూసి ఉంటాడు, ఆ గోల్స్‌కి ముందు పదేళ్లు ఏం జరిగిందో మీరిద్దరూ కూర్చుని చదవండి.

జిరూ 1986లో ఫ్రాన్స్‌లోని షాంబెరీలో పుట్టాడు. గ్రెనోబుల్ దగ్గర ఫ్రోజ్ అనే చిన్న ఊరి క్లబ్బులో ఆట మొదలుపెట్టాడు. 13 ఏళ్లకు గ్రెనోబుల్ క్లబ్బులో చేరాడు. అది ఇంటి పక్క పట్నమే. మీ బాబు వయసులో అతని పేరు ఆ జిల్లా దాటి ఎవరికీ తెలియదు. 21 ఏళ్లకు కూడా గ్రెనోబుల్ మొదటి జట్టులో చోటు దక్కలేదు. 2007లో అతన్ని ఇస్త్ర్ అనే క్లబ్బుకి లోన్ మీద పంపారు. లోన్ అంటే ఒక క్లబ్బు ఆటగాడు ఒక సీజన్ పాటు వేరే క్లబ్బుకి ఆడి రావడం. ఆ క్లబ్బు ఉన్నది మూడో డివిజన్‌లో. టీవీలో ఎవరూ చూడని ఆటలు. అక్కడ ఆ సీజన్‌లో 14 గోల్స్ కొట్టాడు. 2008లో రెండో డివిజన్‌లోని తూర్ క్లబ్బుకి వెళ్లాడు. 2009-10లో 21 గోల్స్‌తో ఆ డివిజన్‌లో అందరికన్నా పైన నిలిచాడు. అప్పుడు మోంపెలియె క్లబ్బు పిలిచింది. ఫ్రాన్స్ మొదటి డివిజన్‌లో అతను తొలిసారి అడుగుపెట్టింది 2010లో, 24వ ఏట.

తర్వాతిది బాబుకి తెలిసిన కథే. ఖతార్ డబ్బుతో కొత్తగా బలిసిన పారిస్ జట్టును దాటి 2012లో మోంపెలియె తన చరిత్రలోనే మొదటిసారి లీగ్ గెలిచింది. ఆ సీజన్‌లో జిరూ గోల్స్ 21. 25 ఏళ్ల వయసులో దేశానికి ఆడాడు. ఇంగ్లండ్‌లోని ఆర్సెనల్ క్లబ్బులో ఐదున్నరేళ్లలో 105 గోల్స్, ఆ దేశపు ఎఫ్ఏ కప్ మూడుసార్లు. తర్వాత అక్కడిదే చెల్సీ, ఆపైన ఇటలీలోని ఏసీ మిలాన్. 2024లో అమెరికాలో లాస్ ఏంజెలెస్‌కి వెళ్లి, 2025లో 38 ఏళ్ల వయసులో మళ్లీ ఫ్రాన్స్‌కి, లిల్ క్లబ్బుకి వచ్చాడు. ఫ్రాన్స్ తరఫున 57 గోల్స్ కొట్టాడు. ఫ్రాన్స్ పాత ఆటగాడు థియరీ హెన్రీ పేరు మీదున్న 51 గోల్స్ రికార్డును దాటింది 36 ఏళ్ల వయసులో. 15 ఏళ్లకే ఎవరో వచ్చి తీసుకెళ్లకపోతే అంతా అయిపోయినట్టే అనుకుంటే, ఇందులో ఒక్కటీ జరిగేది కాదు.

ఈ క్లబ్బుల వరసలో నేను పిల్లలందరికీ చూపించేది ఒకటుంది. ప్రతి మలుపులోనూ అతనికి ముఖ్యమైంది ఆడే అవకాశమే. గ్రెనోబుల్‌లో కూర్చోవడం కన్నా మూడో డివిజన్‌లో ఆడటానికి వెళ్లాడు. 2018 జనవరిలో ఆర్సెనల్ నుంచి చెల్సీకి మారింది కూడా అందుకే. లకజెట్, ఒబమెయాంగ్ అనే ఫార్వర్డ్‌లు వచ్చాక ఆర్సెనల్‌లో చోటు కరువైంది, ఎదురుగా ప్రపంచకప్ ఉంది. బెంచ్ మీద కూర్చునేవాణ్ణి దేశం పిలవదని అతనికి తెలుసు. ఆ మార్పు వల్లే ఆ వేసవిలో రష్యాలో ఫ్రాన్స్ సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబడ్డాడు.

ఆ ప్రపంచకప్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ బాబు ఆడేది అదే స్థానంలో. ఫ్రాన్స్ ఆడిన 7 మ్యాచుల్లోనూ జిరూ ఆడాడు. ఒక్క గోల్ కూడా కొట్టలేదు. గోల్‌కీపర్ ఆపాల్సినంత సూటిగా వెళ్లిన షాట్ ఒక్కటి కూడా లేదు. అయినా కోచ్ దెషాం అతన్ని తీసేయలేదు, ఫ్రాన్స్ కప్పు గెలిచింది. ఎలా?

బాబుతో ఆ మ్యాచుల్లో ఏదో ఒకటి పెట్టించి, బంతిని వదిలేసి జిరూని మాత్రమే పది నిమిషాలు చూడమనండి. వెనక నుంచి పొడుగాటి బంతి వస్తుంది. ఎదుటి జట్టు డిఫెండర్ వీపు మీద బరువంతా మోపుతాడు. జిరూ మోకాళ్లు వంచి, మోచేతులు కాస్త విప్పి, అతన్ని వీపుతోనే ఆపి ఉంచుతాడు. బంతి ఛాతీ మీద పడి కాలి దగ్గరికి దిగేలోపే పక్కనున్న తన జట్టు ఆటగాడు గ్రీజ్‌మన్‌కి ఒక్క టచ్‌లో ఇచ్చేస్తాడు. ఇద్దరు డిఫెండర్లు జిరూకి అతుక్కుపోయారు కాబట్టి, వాళ్లు వదిలేసిన ఖాళీలోంచి ఇంకో ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపె పరుగు తీస్తాడు. గోల్ ఎంబాపె ఖాతాలో పడుతుంది. ఈ పని ఏ స్కోరు పట్టికలోనూ ఉండదు, కానీ కోచ్‌లు సెంటర్ ఫార్వర్డ్‌లో వెతికేది ఇదే. స్కూల్ మ్యాచుల్లో పొడగరి పిల్లలు గోల్స్ సులువుగా కొట్టేస్తారు. 18 దాటాక అందరూ పొడుగే, అప్పుడు నిలబెట్టేది ఈ నేర్పే. గోడకేసి బంతి కొట్టి, గోడకు వీపు పెట్టకుండా పక్కకు తిరిగి అందుకోవడం, ఎడమ కాలితో కూడా ఒక్క టచ్‌లో తిప్పి ఇవ్వడం ఈ రోజు సాయంత్రం నుంచే మొదలుపెట్టవచ్చు. దీనికి స్పెయిన్ అక్కర్లేదు.

మనసు గట్టిదనం సంగతి కూడా. యూరప్‌లోని పెద్ద క్లబ్బుల పోటీ ఛాంపియన్స్ లీగ్‌లో, 2020-21లో, చెల్సీ తరఫున అందరికన్నా ఎక్కువ గోల్స్ జిరూవే, ఆరు. అందులో నాలుగు ఒకే రాత్రి స్పెయిన్ క్లబ్బు సెవియా మీద కొట్టాడు. ఫైనల్ రోజున మాత్రం అతన్ని బరిలోకి దించలేదు, బెంచ్ మీది నుంచే జట్టు గెలవడం చూశాడు. ఆ వేసవిలోనే మిలాన్ వెళ్లి, అక్కడ అదే ఊరి క్లబ్బు ఇంటర్ మిలాన్ మీద మూడు నిమిషాల తేడాతో రెండు గోల్స్ కొట్టి ఓడిపోయే మ్యాచ్ గెలిపించాడు. 11 ఏళ్ల తర్వాత మిలాన్‌కి లీగ్ దక్కింది ఆ సీజన్‌లోనే. 2023 అక్టోబర్‌లో జెనోవా క్లబ్బు మీద మ్యాచ్ చివర్లో మిలాన్ గోల్‌కీపర్‌కి రెడ్ కార్డు పడింది, మార్చడానికి ఎవరూ మిగల్లేదు. 37 ఏళ్ల ఈ ఫార్వర్డ్ గ్లోవ్స్ తొడుక్కుని గోల్ ముందు నిలబడ్డాడు, ముందుకు దూసుకొచ్చి బంతిని ఆపి 1-0 ఆధిక్యాన్ని కాపాడాడు. సెలెక్షన్‌లో పేరు రాకపోతే అన్నం మానేస్తాడని ఉత్తరం చివర్లో రాశారు కదా, ఈ రెండు సంగతులూ అలాంటి రోజున చెప్పండి.

మనవాళ్ల దారి జిరూ దారికన్నా కష్టం, అది దాచను. ఫ్రాన్స్ పాస్‌పోర్టు ఉన్నవాడికి యూరోపియన్ యూనియన్ దేశాల్లో వీసా గొడవ లేదు. మన పిల్లలకు వర్క్ పర్మిట్ కావాలి, చాలా లీగుల్లో బయటి దేశాల ఆటగాళ్లకు పరిమితి ఉంది. సికింద్రాబాద్‌లో పుట్టిన సునీల్ ఛెత్రి 2012లో పోర్చుగల్‌లోని స్పోర్టింగ్ క్లబ్బుకి వెళ్లినా బి జట్టు, అంటే రెండో జట్టు, దాటలేకపోయి తిరిగొచ్చాడు. వచ్చి దేశానికి రికార్డు గోల్స్ కొట్టాడు. గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ సంధు నార్వేలోని స్టాబెక్‌లో చేరి, 2016లో యూరప్ క్లబ్బుల పోటీ యూరోపా లీగ్‌లో ఆడిన తొలి భారతీయుడయ్యాడు. మీ జిల్లా అమ్మాయి సౌమ్య గుగులోత్ 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ మహిళల జట్టుకి సంతకం చేసింది, ఆమె కూడా ఫార్వర్డే. ముగ్గురూ ముందు ఇక్కడ ఆడి పేరు తెచ్చుకుని, 18 దాటాక వెళ్లినవాళ్లే. బాబుకి సౌమ్య పేరు తెలియకపోతే ఈ రోజే చెప్పండి.

చదువు విషయంలో బాబు మాట వినకండి, అలాగని అతని ఆటను చంపే కాలేజీలోనూ వేయకండి. పొద్దున 6 నుంచి రాత్రి 10 దాకా స్టడీ అవర్స్ పెట్టే రెసిడెన్షియల్‌లో చేర్చితే రెండేళ్లలో ఆట పోతుంది, 15 నుంచి 17 ఏళ్ల మధ్య పోయిన ఆట మళ్లీ రాదు. పొద్దునా సాయంత్రం గ్రౌండ్‌కి వెళ్లనిచ్చే కాలేజీ చూడండి. మ్యాచుల కోసం ఊళ్లు తిరగాల్సి వస్తే ఓపెన్ స్కూల్‌లో ఇంటర్ కట్టవచ్చు. ఫుట్‌బాల్ చుట్టూ ఫిజియోథెరపీ, కోచింగ్ లైసెన్సులు, వ్యాయామ ఉపాధ్యాయ కోర్సులు, మ్యాచ్ వీడియో విశ్లేషణ లాంటి పనులు చాలా ఉన్నాయి. వాటన్నిటికీ ఇంటర్ సర్టిఫికెట్ దగ్గరుంటే దారి తెరిచి ఉంటుంది. రైల్వేల్లాంటి చోట్ల స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికీ అంతే. జర్మనీ తరఫున ప్రపంచకప్‌లలో 16 గోల్స్ కొట్టిన మిరోస్లావ్ క్లోజె వడ్రంగం పని నేర్చుకుని, ఆ తర్వాతే పెద్ద క్లబ్బులకు ఆడాడు. చేతిలో ఇంకో పని ఉన్నందువల్ల అతని ఆట తగ్గలేదు.

ఈ ఏడాది చేయాల్సినవి కొన్నే. బాబు పేరు ఆల్ ఇండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్‌లో నమోదై ఉందో లేదో కోచ్‌ని అడగండి, ఉండకపోతే చేయించండి. ఏ క్లబ్బు దగ్గర ఏ వయసులో శిక్షణ తీసుకున్నాడో చెప్పే రికార్డు అక్కడి నుంచే మొదలవుతుంది. స్కూల్ జట్టు సుబ్రతో కప్ (దేశవ్యాప్త స్కూల్ ఫుట్‌బాల్ పోటీ) జిల్లా పోటీలకు వెళ్తుందో లేదో కనుక్కోండి. మ్యాచులు ఫోన్‌లో తీసి పెట్టుకోండి, గోల్స్ ముక్కలే కాకుండా మొత్తం ఆట. పరీక్షలయ్యాక వేసవిలో హైదరాబాద్ తీసుకెళ్లి అకాడమీలు చూపించండి. అజీజ్‌నగర్‌లో శ్రీనిధి దక్కన్ క్లబ్బు మైదానం ఉంది, ముందు అక్కడికి వెళ్లండి.

ఏ అకాడమీకి వెళ్లినా గేటు దగ్గరి ఫొటోలూ, విదేశీ కోచ్ పేరూ చూసి మోసపోకండి. ఆఫీసులో కూర్చున్నాక ఒక్కటే అడగండి: "పోయిన సీజన్‌లో మీ అండర్-17 జట్టు ఎన్ని పోటీ మ్యాచులు ఆడింది, ఎవరెవరితో ఆడింది?" రిజిస్టర్ తీసి చూపిస్తే ఫీజు సంగతి మాట్లాడండి. తడబడితే మంచినీళ్లు తాగి లేచి వచ్చేయండి. వాళ్లు చెప్పిన అంకె రాసుకుని నాకు పంపండి, అప్పుడు మీవారితో కూడా నేనే మాట్లాడతాను.