శని, ఆదివారాలు మాల్ తప్ప గతి లేదా?

మీ ఊరు మరీ పెద్దదీ కాదు, చిన్నదీ కాదు, చూడాల్సినవన్నీ రెండు నెలల్లోనే అయిపోయాయి, ఆదివారం వస్తే పిల్లలు విసుక్కుంటున్నారు అన్నారు కదండీ. చూసిన చోటికే వేరే వేళలో వెళ్లి చూడండి. మధ్యాహ్నం బోసిగా ఉన్న చెరువే పొద్దున్నే పక్షులతో సందడిగా ఉంటుంది. సూర్యోదయం తర్వాత మొదటి రెండు గంటలే వాటి హడావుడి. 8 లేదా 10 రెట్లు పెద్దగా చూపే బైనాక్యులర్స్ ఒకటి ఉంటే చాలు.

దాంతోనే రాత్రి డాబా ఎక్కండి. పున్నమి నాడు వద్దు. చంద్రుడు సగం ఉన్నప్పుడు వెలుగు పక్కనుంచి పడి గుంటల నీడలు స్పష్టంగా తెలుస్తాయి. గురుగ్రహం కనిపించే నెలల్లో దాని పక్కన చుక్కల్లా ఉపగ్రహాలూ దొరుకుతాయి, మోచేతులు గోడకి ఆనించి పట్టుకోవాలి అంతే. 1610లో గెలీలియో చూసిన నాలుగూ ఇవే. ఈ మాట వినగానే మావాడు ఫోన్ పక్కన పడేశాడు (ఒక్క రాత్రికే లెండి).

మ్యూజియం ఉంటే తెరిచే వేళకే వెళ్లి ఒక్క గది చూసి వచ్చేయండి. మొత్తం తిప్పితే పిల్లలకి కాళ్లనొప్పులు, మీకు టెన్షన్. వాన పడితే సిటీ బస్సు ఎక్కి చివరి స్టాపు దాకా వెళ్లి రండి, కిటికీ సీటు మాత్రం వాళ్లకే.