రోజూ పరుగెత్తినా పొట్ట తగ్గట్లేదు.. ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 38. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. కూర్చుని చేసే ఉద్యోగం. కాసేపు వేగంగా పరుగెత్తి, కాసేపు నడిచి, మళ్లీ పరుగెత్తితే కొవ్వు త్వరగా కరుగుతుందని విని నెల రోజులుగా రోజూ బారువ తీరంలో ఇసుక మీద చేస్తున్నాను. బరువు తగ్గలేదు. మోకాలి కింద ముందువైపు ఎముక నొప్పి పుడుతోంది. నొప్పి మాత్ర వేసుకుని పరుగెత్తుతున్నాను. కొనసాగించవచ్చా?
- ఓ పాఠకుడు, సోంపేట

సమాధానం: ముందు ఆ మాత్ర ఈ రోజే ఆపేయండి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీలకు రక్త సరఫరాను తగ్గిస్తాయి. చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. మీది ఉద్దానం. అక్కడ ఏ లక్షణమూ లేకుండానే కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లు ఎందరో. కాబట్టి సీరం క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష), మూత్రంలో ప్రొటీన్, బీపీ, షుగర్ చూపించుకోకుండా మళ్లీ పరుగు జోలికి వెళ్లొద్దు. బీపీ 160/100 దాటితే అది అదుపులోకి వచ్చేదాకా నడకే. షుగర్‌కు గ్లిమిపిరైడ్ లేదా ఇన్సులిన్ వాడేవారైతే పరుగు వల్ల షుగర్ పడిపోవచ్చు, డాక్టర్‌ను అడిగి మోతాదు సరిచేయించుకోవాలి.

ఇక ఎముక నొప్పి. అలవాటు లేని కాళ్లతో, 84 కిలోల బరువుతో, విరామం లేకుండా రోజూ పరుగెత్తడమే దానికి కారణం. మెత్తటి ఇసుక పిక్కల్ని, మడమ వెనుక స్నాయువును (టెండన్) లాగుతుంది. నీటి అంచున గట్టి ఇసుక ఏటవాలు కాబట్టి ఒక కాలిపైనే భారం ఎక్కువ. రెండు వారాలు పరుగు మానేసి చదును నేలపై నడవండి. వేలితో నొక్కితే ఒకే చోట జివ్వుమంటున్నా, రాత్రిపూట నొప్పి ఉన్నా ఎముకకు సన్నటి చీలిక వచ్చి ఉండొచ్చు. ఎముకల డాక్టర్‌కు చూపించండి. ఇది మొదట్లో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు.

నొప్పి పూర్తిగా పోయి, పరీక్షలు బాగుంటే స్కూలు గ్రౌండులో, బూట్లతో, ఎండ ఎక్కకముందే మొదలుపెట్టండి. వారానికి రెండు రోజులే, మంగళ, శుక్రవారాల్లాగా మధ్యలో ఎడం ఉండాలి. 10 నిమిషాలు నడక, తర్వాత 30 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక. ఇలా ఆరుసార్లు. చివర 5 నిమిషాలు నెమ్మదిగా నడక. పరుగులో నోట రెండు మూడు మాటలకు మించి రానంత వేగం చాలు, ప్రాణం పెట్టి ఉరకనక్కర్లేదు. నడకలో ఊపిరి సర్దుకుని పూర్తి వాక్యం మాట్లాడగలిగాకే మళ్లీ పరుగు. రెండు వారాలయ్యాక ఆరుసార్లను ఎనిమిదిసార్లకు పెంచండి, ఆ తర్వాతే పరుగును 45 సెకన్లకు పెంచండి. రెండూ ఒకేసారి పెంచితే నొప్పి తిరగబెడుతుంది. మిగతా రోజుల్లో 40 నిమిషాల నడక, వాటిలో రెండు రోజులు గుంజీలు కూడా. ఛాతీలో బిగువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆగి ఆసుపత్రికి వెళ్లాలి.

బరువెందుకు తగ్గలేదంటారా? ఇలాంటి ఒక పూట పరుగుకు ఖర్చయ్యేది సుమారు 200 కేలరీలు. కిలో కొవ్వులో 7,700 దాకా ఉంటాయి. ఆకలేసి తిన్న ఒక్క మసాలా దోసె ఆ ఖర్చంతా తిరిగి తెచ్చేస్తుంది. పరుగు ఆపాక కూడా రోజంతా కొవ్వు కరుగుతుందని కొందరు చెప్పేది నిజానికి చాలా స్వల్పం. పొట్ట దగ్గరి కొవ్వునే ఎంచి కరిగించే పరుగూ లేదు. తక్కువ సమయంలో గుండె, ఊపిరి బలపడటం, ఇన్సులిన్ బాగా పనిచేయడం ఈ పద్ధతి లాభాలు. బరువు తగ్గాలంటే మాత్రం రాత్రి అన్నం మూడో వంతు తగ్గించి ఆ చోట పప్పు, కూర పెంచండి. రెండు వారాలకోసారి బొడ్డు దగ్గర టేపుతో కొలవండి, 90 సెంటీమీటర్ల లోపుకు రావడం లక్ష్యం.

పరుగయ్యాక మంచినీళ్లు చాలు. మీ వైపు చేతికందే కొబ్బరి నీళ్లు మంచివే, కానీ క్రియాటినిన్ ఎక్కువని తేలితే వాటిలోని పొటాషియం ప్రమాదం. డాక్టర్‌ను అడగకుండా తాగొద్దు.