ఏ మంచు, తమ్ముడూ?

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

స్వీడన్ చిత్రకారుడు లిల్యెఫోర్స్ వేసిన మంచులో కుందేలు బొమ్మ మీద నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. బొమ్మ నీకెంత నచ్చిందో ప్రతి వాక్యంలోనూ తెలుస్తోంది. బొమ్మ మాత్రం కనపడలేదు. 'తెల్లటి దుప్పటి కప్పుకున్న నేల' అన్నావు. ఆ మాట బొమ్మ చూడకుండానే రాసేయొచ్చు.

మళ్లీ చూడు. ఆకాశం తేటగా ఉన్న రోజు మంచు మీది నీడలు నీలంగా ఉంటాయి, వాటిలోకి దిగేది ఆకాశపు వెలుగే కాబట్టి. చలికాలానికి ఆ కొండకుందేలు ఒళ్లంతా తెల్లబడుతుంది, చెవుల కొసలు మాత్రం నల్లగానే ఉండిపోతాయి. ఆ రెండు నల్ల కొసలు పట్టుకో, కుందేలు మొత్తం దొరుకుతుంది. లిల్యెఫోర్స్ (1860–1939) స్వయంగా వేటగాడు, ఇంటి దగ్గర జంతువుల్ని పెంచి వాటి కదలికలు కనిపెట్టినవాడు. ఆయన చూపు అలా వచ్చింది.

ఇంకో సంగతి. మన తెలుగులో హిమాలయాల మీద పడేదీ మంచే, తెల్లారి గడ్డి మీద నిలిచేదీ మంచే, రోడ్డు కనపడకుండా కమ్మేదీ మంచే. మొదటిది నువ్వూ నేనూ చూళ్లేదు. మిగతా రెండూ నీ ఒంటికి తెలుసు. నీ రచనలో మూడూ కలిసిపోయాయి. స్వీడన్ చలిలో కుందేలు మీసాలకి నీటి బొట్లు వేలాడాయి! అది కోనసీమ మంచు నాయనా.

అందుకే ముందు మన మంచు దగ్గరికి వెళ్లు. ఒక పుష్యమాసంలో, పొద్దున్నే, కోరింగ మడ అడవి పక్కన కాలవ గట్టు మీద నిలబడ్డాను. ఆటు వేళ. నీళ్లు తీసిన చోట నల్లటి బురద, దాని నిండా మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన మడ వేర్లు. వాటి మధ్య బావురుపిల్లి అడుగులు. చేపలు పట్టే ఆ పిల్లికి గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు. ప్రతి అడుగు ముందూ సన్నటి గోటి గీతలు, అడుగులో ఊరిన చెంచాడు నీళ్లు, ఆ నీళ్లలో బూడిదరంగు వెలుగు. పిల్లి కనపడలేదు. అరగంట ఆ అడుగుల దగ్గరే కూర్చున్నాను. ఆ రోజు రాసుకున్న నాలుగు వాక్యాల్లో ఇప్పటికీ ఒక్క మాట మార్చలేదు.

వెళ్లొచ్చాక కుందేలు బొమ్మ ముందు పెట్టుకో. 'అద్భుతం', 'మనోహరం' తీసెయ్. చెవుల దగ్గర మొదలుపెట్టు. పండక్కి ఊళ్లోనే ఉంటాను, కాగితాలు తీసుకుని రా, కలిసి చదువుదాం.

మీ అన్నయ్య