ముందు మీ భార్యను అడగండి

హన్మకొండ నుంచి ఒక టీచర్ రాసిన ఉత్తరం ఇది. షుగర్ ముదిరి తల్లికి ఒక కాలు తీసేశారు. ఇప్పుడు వీల్‌చెయిర్‌లో ఉంటోంది. ఆమె వంట చేసుకోవడానికి వీలుగా వంటగట్టు మొత్తం దించాలని ఈయన సుతారి మేస్త్రీని పిలిపించి కొలతలు తీయించారు. ఆ రోజు నుంచి భార్య సరిగ్గా మాట్లాడటం లేదు. "అత్తమ్మకు నేను వండిపెడ్తలేనా?" అని మాత్రం అన్నదట. ఆమెకు ఎలా నచ్చజెప్పాలి, గట్టు ఎంత ఎత్తుండాలి అని అడుగుతున్నారు.

నచ్చజెప్పే పని పెట్టుకోకండి. మీ అమ్మగారి కోరిక న్యాయమైనదే. ఇన్నేళ్లు ఇంటిల్లిపాదికీ వండిపెట్టిన మనిషికి మంచం దగ్గరికే కంచం తెచ్చిస్తుంటే ప్రాణం చివుక్కుమంటుంది. సంక్రాంతికి సకినాలు తన చేత్తో చుట్టాలని ఉందన్నారట, తప్పకుండా చుట్టాలి. కానీ రోజూ పొద్దునా సాయంత్రం ఆ గట్టు ముందు నిలబడేది మీ భార్య. అంత కిందికి వంగి కూరగాయలు కోస్తే ఆమె నడుం ఏమైపోవాలి? మేస్త్రీ టేపు పట్టుకొని వచ్చేదాకా ఆమెకు సంగతే తెలియదు. దీన్ని మీరు అత్తాకోడళ్ల గొడవ అంటున్నారు. వాళ్లిద్దరి మధ్య నాకే గొడవా కనిపించలేదు. ఆమె మనసులో ఏముందో మీరు అడిగినట్టు ఉత్తరంలో ఒక్క వాక్యమూ లేదు. నన్ను బాధపెట్టింది అదే.

గట్టు మొత్తం దించనక్కర్లేదు. స్టవ్, సింకు ఉన్న వైపు అలాగే ఉంచి, ఒక పక్కన మూడడుగుల ముక్క 30 అంగుళాల ఎత్తులో వేయించండి. దాని కింద అరలు పెట్టొద్దు. 27 అంగుళాల ఖాళీ ఉంటే కుర్చీ లోపలికి వెళ్లి మోకాళ్లు తగలకుండా ఉంటాయి. సకినాల గుడ్డ పరుచుకోవడానికీ ఆ చోటు సరిపోతుంది. అక్కడ ఇండక్షన్ స్టవ్ పెట్టండి, మంట మీదుగా చెయ్యి చాచే భయం ఉండదు. కుర్చీ తిప్పుకోవడానికి ఐదడుగుల చోటు వదలండి. పసుపు రాసే గడపను తీయించడానికి అమ్మగారే ఒప్పుకోకపోవచ్చు. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు చొప్పున రెండు వైపులా వాలుగా చెక్క వేయిస్తే చాలు.

మేస్త్రీని రెండు రోజులు ఆగమనండి. ఏ పక్క దించాలో మీ భార్యనే చెప్పమనండి. చెప్పకుండా పిలిపించడం తప్పేనని ఆమెతో అనండి, అమ్మగారు వింటుండగానే అనండి.